బిడ్డను దాచే విద్య

పిల్లలున్న ఇంట్లో ఎవరినైనా ఒక మహిమ కోరుకోమంటే ఈ రోజుల్లో వచ్చే జవాబులు చాలావరకు ఒకే వైపు మొగ్గుతాయి. హాస్టల్లో ఉన్న కూతురు ఈ క్షణాన ఏం చేస్తోందో ఇంట్లో కూర్చునే కనపడాలి, బండేసుకుని వెళ్లిన కొడుకు ఎక్కడ తిరుగుతున్నాడో తెలియాలి, నోరు విప్పని పిల్లవాడి మనసులో ఏముందో చదవగలగాలి. అన్నీ చూపుకు సంబంధించిన కోరికలే. గాంధారి కళ్లగంతలు విప్పి ఒక్కసారి చూడగానే దుర్యోధనుడి ఒళ్లు వజ్రమైపోయిందనీ, సిగ్గుపడి కప్పుకున్న తొడలు మాత్రం మామూలుగా ఉండిపోయాయనీ చెప్పుకునే కథ వ్యాస భారతంలో లేదు. జనం కల్పించుకుని నిలబెట్టుకున్న కథ అది. తల్లి చూపు పడినంత మేరా బిడ్డకు కవచమన్న ఊహ ఇప్పటి తల్లిదండ్రులకు సులువుగా అర్థమవుతుంది. అయితే నూరేళ్ల కిందట ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో బిడ్డను కన్నవాళ్లు ఆశించిన మహిమ దీనికి తలకిందులుగా ఉండేది. తమ బిడ్డ ఎవరి కంటా పడకూడదు. పొరుగువాళ్ల కంట, దేవత కంట, మృత్యువు కంట, సర్కారు కంట, కొంతవరకు తమ సొంత కంట కూడా. అప్పుడు కోరుకున్నది దాచే శక్తి, ఇప్పుడు కోరుకుంటున్నది చూసే శక్తి. ఈ మార్పును చదువు పెరిగి మూఢనమ్మకం తగ్గడంతో ముడిపెట్టడం మామూలు. నేను దాన్ని ఒప్పుకోను. ప్రమాదం ఏ దిక్కు నుంచి వస్తే కోరిక ఆ దిక్కుకు తిరిగింది, అంతే.

ఈ సంగతికి ఆధారాలు ఒకచోట దొరకవు. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరు జిల్లాలోది, ఆ తర్వాత గుంటూరు జిల్లాలోది. సొంత జిల్లా 1970లో వచ్చింది, దానికి ప్రకాశం పేరు 1972లో పెట్టారు. అందుకని ఇక్కడి ఆచారాలను నెల్లూరు సంగతుల్లోనూ గుంటూరు సంగతుల్లోనూ వెతుక్కోవాలి. మద్రాసు మ్యూజియంలో పనిచేసిన ఎడ్గర్ థర్‌స్టన్ దక్షిణాది శకునాల మీద 1912లో ఒక పుస్తకం వేశాడు. తెలుగు బాప్టిస్టు మిషన్‌లో పనిచేసిన ఎల్మోర్ గ్రామదేవతల మీద రాసిన పరిశోధన 1915లో వచ్చింది. మద్రాసు బిషప్ వైట్‌హెడ్ పుస్తకం ఆ మరుసటి ఏడాదిది. ముగ్గురూ బయటివాళ్లే. ఒకరికి మ్యూజియం కన్ను, మిగతా ఇద్దరికి మతప్రచారకుల కన్ను. వింతల జాబితా రాసుకున్నారు గానీ, ఆ వింత పనులు చేస్తున్న తల్లి అప్పటికి ఎంతమందిని పోగొట్టుకుందో అడగలేదు. ఆ లెక్క పక్కన లేకుండా చదివితే ఈ ఆచారాలన్నీ తిక్కగానే కనిపిస్తాయి. స్వతంత్రం వచ్చాక, 1951 నాటికి కూడా, దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 146 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవాళ్లు. ఏడుగురిలో ఒకరన్న మాట. ఏడాది దాటాక మశూచి, కలరా, విరేచనాలు వేరే ఉన్నాయి. ఆరేడు కాన్పులు మామూలైన రోజుల్లో ఒక బిడ్డనైనా పోగొట్టుకోని ఇల్లు అదృష్టవంతుల ఇల్లు.

అలాంటి ఇంట్లో వరసగా ఇద్దరు ముగ్గురు పోయాక పుట్టిన బిడ్డకు జరిగే తంతు ఒక చిన్న నాటకంలా ఉండేది. పసిగుడ్డును చాటలో పెట్టి పెంటకుప్ప మీద ఉంచేవారు, లేదా తిని పారేసిన ఎంగిలి విస్తళ్ల మీద దొర్లించేవారు. పక్కింటావిడ ఒకావిడ వచ్చి, ఎవరో పారేసిన బిడ్డ దొరికినట్టు ఎత్తుకునేది. కన్నతల్లి ఏమీ ఎరగనట్టు వెళ్లి, గుప్పెడు తవుడో కాణీ డబ్బులో ఇచ్చి ఆ బిడ్డను కొనుక్కునేది. ముక్కు కుట్టించేవారు. పేరు పెంటయ్య అనో పుల్లయ్య అనో పెట్టేవారు. బిచ్చమెత్తిన డబ్బుతో ముక్కుపోగు చేయించిన బిడ్డకు పిచ్చయ్య, పిచ్చమ్మ లాంటి పేర్లు వచ్చేవి. ఉత్తరాంధ్రలో తవిటయ్యలు, తవిటమ్మలు ఈ కోవలోని వాళ్లే. ఈ నాటకానికి ప్రేక్షకుడు మృత్యువొక్కడే. వీడు ఎవరికీ అక్కర్లేని వాడు, నీకూ అక్కర్లేదు, పో అని అతనికి నచ్చచెప్పడమే అందులోని కథ. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. తల్లిదండ్రులు తమకు బలం ఉందని చెప్పుకోవడం లేదు. మృత్యువును ఎదిరించే శక్తి తమకు లేదని తెలిసి, అతన్ని ఏమార్చే ఎత్తు వేస్తున్నారు. ఆ ఎత్తుకు కావలసిన వెల కూడా పెద్దదే. కన్నబిడ్డ మీది ప్రేమను నలుగురిలో బయటపెట్టకుండా బతకాలి, చెత్త పేరుతో జీవితాంతం పిలవాలి.

పురాణాల్లో మృకండుడికి ఇలాంటి బేరమే వచ్చింది. గుణవంతుడై పదహారేళ్లే బతికే కొడుకు కావాలా, మందబుద్ధి అయినా నిండునూరేళ్లు బతికేవాడు కావాలా అని శివుడు అడిగితే ఆయన మొదటివాణ్నే కోరుకున్నాడు. మార్కండేయుడు శివుణ్ని పట్టుకుని గట్టెక్కాడు గనక కథ సుఖాంతమైంది. పెంటయ్య తల్లి మాత్రం రెండోదాన్నే ఎంచుకుంది. పేరు పోతే పోయింది, ప్రాణం ఉంటే చాలంది. రుషి కన్నా ఆవిడే లోకం తెలిసిన మనిషని నాకనిపిస్తుంది. దీనికి ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. ఈ పేర్లున్న వాళ్లంతా పెంటమీద దొర్లినవాళ్లు కారు, తాతల పేర్లు మనవలకు పెట్టే ఆనవాయితీలో ఇవి ఎటూ పాకుతాయి అంటారు. నిజమే. తెలుగు సినిమా తొలి రోజుల్లో ఇద్దరు దర్శకులు పుల్లయ్యలే, ఒకరు కాకినాడ వారు, ఒకరు నెల్లూరు వారు. వాళ్ల పేర్ల వెనక ఏ భయముందో ఏ తాత ఉన్నాడో పేరు చూసి చెప్పలేం. కాని ఆ అభ్యంతరం నా వాదానికి అడ్డు రాకపోగా ఊతమే ఇస్తుంది. బతకడానికి పెట్టిన పేరు మనవడికి దిగిందంటే, ఆ పేరు పెట్టించుకున్నవాడు తాత అయ్యేదాకా బతికాడన్నమాట. పేరు పనిచేసిందని కుటుంబం లెక్కవేసుకుంది. పోయిన పెంటయ్యల పేర్లు ఎవరికీ దిగలేదు గనక ఆ లెక్క తప్పని నిరూపించేవాళ్లు మిగల్లేదు.

దిష్టి సంగతి ఇంకా చిత్రం. బుగ్గన కాటుక చుక్క, అరికాల్లో చుక్క, మొలతాడుకు తాయెత్తు, బొద్దుగా ఉన్నాడని పైకి అనకపోవడం, సాయంత్రం ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేయడం. కాలిన మిరపకాయల ఘాటు ముక్కుకు తగలకపోతే దిష్టి గట్టిగా తగిలిందని గుర్తు. ఇదంతా అనాదిగా వస్తోందని చెప్పేవాళ్లకు మిరపకాయ ఒక్కటి చాలు సమాధానం. అది అమెరికా ఖండం పంట. పోర్చుగీసు ఓడల్లో మన దేశానికి వచ్చింది పదహారో శతాబ్దంలో. అంతకుముందు తెలుగువాళ్ల వంటకు కారం మిరియాలది. అంటే ఇవాళ గుంటూరు సీమకు పేరు తెచ్చిన ఆ పంట ఇక్కడి నేలలో స్థిరపడి, అగ్గువైపోయి, ప్రతి వంటింట్లోకీ చేరాకే దిష్టి పళ్లెంలోకి ఎక్కి ఉండాలి. ఉప్పుదీ ఊరి కథే. చినగంజాం ఉప్పు కొఠార్లు ఒంగోలుకు ఎంతో దూరం లేవు. తెల్లదొరల కాలంలో ఉప్పు మీద పన్ను ఉండేది గనక బిడ్డకు దిష్టి తీసిన ప్రతిసారీ సర్కారుకు ఎంతో కొంత ముట్టేది. 1930లో ఒంగోలు దగ్గరి దేవరంపాడులో ఉప్పు సత్యాగ్రహ శిబిరం పెట్టినప్పుడు నాయకులు కూటిలో ఉప్పు గురించే మాట్లాడి ఉంటారు, దిష్టి ఉప్పు ఎవరికీ గుర్తుకొచ్చి ఉండదు. నేను చెప్పదలిచింది ఇది. ఈ తంతులను గుడ్డిగా మోసుకొచ్చిన వాళ్లయితే కొత్త సరుకును ఇంత చొరవగా లోపలికి తెచ్చుకోరు. చేతికి అందినదాన్ని, ఘాటైనదాన్ని, చవకైనదాన్ని ఎంచుకుని తమ విద్యకు పదును పెట్టుకున్నారు. ఒంగోలు గిత్తల మెడలో నల్లతాడు కట్టేదీ ఆ చేతులే. ఇంట్లో విలువైనది ఏదైనా కళ్లబడితే నష్టమేనన్నది లెక్క.

అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసేది వేరే విషయం. దిష్టి తీసేటప్పుడు ఇరుగుపొరుగు కళ్లతోపాటు కన్నతల్లి కళ్లను కూడా కలిపి తీస్తారు. బిడ్డను అదే పనిగా చూసి మురిసిపోతే ఆ చూపే తగులుతుందంటారు. గాంధారి కథ చెప్పే జనమే ఇదీ నమ్మారు. రెండూ ఒకే ఇంట్లో ఉన్నాయి గానీ, రోజువారీ బతుకులో పనికొచ్చింది రెండోది.

మశూచి విషయంలో ఈ దాచే విద్య పరాకాష్ఠకు చేరింది. జబ్బు పేరు ఎత్తకూడదు, అమ్మవారు పోసిందనాలి. గుమ్మానికి వేపమండలు కట్టాలి, తాలింపు పెట్టకూడదు, బయటివాళ్లు లోపలికి రాకూడదు. పోలేరమ్మకు ఊరంతా కొలుపు చేయాలి. బయటివాళ్లను రానివ్వకపోవడం చూపించి మన పెద్దలకు సూక్ష్మక్రిముల శాస్త్రం తెలుసనేవాళ్లు ఉన్నారు. అది మరీ సాగదీయడం. తెలిసుంటే ఊళ్లకు ఊళ్లు ముఖాన మచ్చలతో మిగిలేవి కావు. టీకా వచ్చాక మాత్రం ఈ విద్యకూ సర్కారుకూ నేరుగా తగువు పడింది. జెన్నర్ టీకా 1796 నాటిది, 1802కల్లా మన దేశానికి చేరింది. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం దాన్ని ఒక బిడ్డ చేతి పొక్కులోంచి తీసి మరో బిడ్డ చేతికి గుచ్చేవారు. టీకాలవాడు వస్తున్నాడంటే తల్లులు పిల్లల్ని దాచేవాళ్లన్న ఫిర్యాదు ఆనాటి అధికారుల నోట తరచూ వినిపించేది. అజ్ఞానం అని ఒక్కమాటలో కొట్టేశారు. కాని కొత్త మనిషి వచ్చి, ఎవరి బిడ్డదో తెలియని రసి మన బిడ్డ ఒంట్లోకి ఎక్కిస్తానంటే, ఎనిమిదో రోజు మళ్లీ వచ్చి మన బిడ్డ పొక్కును పిండుకెళతానంటే జంకని తల్లి ఎవరు? ఆ పద్ధతిలో వేరే జబ్బులు అంటుకున్న సందర్భాలు యూరప్‌లోనే బయటపడ్డాయి. 1899లో మద్రాసు గిండీలో కింగ్ సంస్థ మొదలై, దూడల నుంచి తీసిన టీకా మందు మద్రాసు ప్రెసిడెన్సీ మొత్తానికీ సరఫరా కావడం పెరిగాక భయానికి ఉన్న ఒక మంచి కారణం పోయింది. భయం వెంటనే పోలేదు, అది వేరే మాట. మశూచి విషయంలో దాచడం హాని చేసిందనడంలో నాకు సందేహం లేదు. టీకా తప్పించుకున్న బిడ్డను పోలేరమ్మ తప్పించలేకపోయింది.

సర్కారు కంటబడటానికి భయపడటం వట్టి మూఢత్వం కాదనడానికి ఒంగోలుకు ఉత్తరాన, బాపట్ల దగ్గర ఒక ఊరే సాక్ష్యం. ఎరుకల ఆడవాళ్లు బుట్టా బెత్తమూ పట్టుకుని ఊరూరా తిరిగి, తల్లుల చేతులు చూసి పిల్లల భవిష్యత్తు చెప్పేవారు. రేపు ఏమవుతుందో ముందే తెలియడం అన్ని కాలాల్లోనూ కన్నవాళ్లు కోరుకునే మహిమే. దాన్ని సోలెడు గింజలకు గడప ముందుకు తెచ్చిపెట్టింది వీళ్లు. అదే ఎరుకల వాళ్లను తెల్లప్రభుత్వం నేరస్థ జాతిగా రాసుకుని, 1913లో స్టువర్టుపురం సెటిల్‌మెంటు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించింది. పేర్లు నమోదు, హాజరు, ఊరు దాటాలంటే అనుమతి. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం ఇంకా ముందుకెళ్లి, పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి బడుల్లో పెట్టే అధికారం కూడా ఇచ్చింది. పరాయి బిడ్డల రేపటిని చెప్పగలదని పేరున్న ఆడమనిషికి సొంత బిడ్డ రేపు తన దగ్గరుంటుందో లేదో చెప్పుకునే దిక్కు లేకపోయింది. ఆ చట్టం దేశమంతటా పోయింది 1952లో. బిడ్డ పేరు ఏదో రిజిస్టరులోకి ఎక్కడమంటే ఆ వాడలో అర్థం వేరు. దాచుకోవడం అక్కడ మృత్యువు ఒక్కదానికే కాదు, ఠాణాకు కూడా జవాబు.

దాచడం నుంచి చూపించడానికి కన్నవాళ్లు మళ్లిన కాలం ఏదని అడిగితే నేను 1970లను చూపిస్తాను. 1973 నుంచి మశూచి కోసం దేశమంతా ఇల్లిల్లూ గాలించారు. ఒంటినిండా పొక్కులున్న బిడ్డ బొమ్మ ఉన్న కార్డు చేతపట్టుకుని, ఇలాంటి బిడ్డ మీ ఇంట్లో ఉందా, ఈ చుట్టుపక్కల చూశారా అని అడిగారు. పోరాటం ఎక్కువగా బీహార్, ఉత్తరప్రదేశ్‌ల వైపే నడిచినా వెతుకులాట అన్ని రాష్ట్రాల్లోనూ జరిగింది. 1975లో, కేసు చూపించిన వాళ్లకు వెయ్యి రూపాయల బహుమతి ప్రకటించారు. శతాబ్దాలుగా చీకటి గదిలో వేపమండల చాటున ఉంచిన బిడ్డను చూపించినందుకు సర్కారే డబ్బిస్తోంది! ఆ ఏడాది మే నెలలో దేశంలో చివరి కేసు, 1980లో ప్రపంచంలో మశూచి లేదన్న ప్రకటన. పోలేరమ్మకు అసలు పని లేకుండా పోయింది, అయినా కొలుపులు ఆగలేదు. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం, పదేళ్లకు పోలియో ఆదివారాలు వచ్చాయి. చుక్కల మందు వేయించుకున్న పిల్లవాడి చిటికెన వేలి గోటికి నల్లని గుర్తు పెట్టేవారు. బుగ్గన చుక్క కళ్లబడకుండా ఉండటానికి, గోటి చుక్క లెక్కకు రావడానికి. ఒకే పిల్లవాడి ఒంటిమీద రెండూ ఉన్న తరం అది. 2020 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదిలోపు పిల్లల మరణాలు వెయ్యికి 24. పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా కుదిరాక పెంటయ్య పేరు పెట్టేవాళ్లు లేకపోయారు. ఎవరూ ఉద్యమం చేసి మాన్పించలేదు, ఏ ఉపన్యాసమూ వినిపించలేదు.

అలాగైతే దిష్టి కూడా పోవాలి కదా, పోలేదేం అని అడగవచ్చు. నా వాదానికి తగిలే గట్టి దెబ్బ ఇదే. దిష్టి తీయడానికి గుప్పెడు ఉప్పు చాలు గనక మిగిలిందని ఒక జవాబు. ప్రాణానికి ఖరీదు కట్టే పద్ధతులు పోయాయి, చేతికి ఖర్చులేనివి నిలిచాయి. చెత్త పేరు బడి రిజిస్టరులో, పెళ్లి సంబంధంలో, పాస్‌పోర్టులో బిడ్డను వెంటాడుతుంది. మిరపకాయలు రెండు నిమిషాల్లో బూడిదవుతాయి. దానికి మించిన జవాబు ఇంకొకటి ఉంది. భయం పోలేదు, చోటు మార్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019-21 నాటికి ఒక స్త్రీకి సగటు సంతానం 1.7. ఉన్న ఒక్కరో ఇద్దరో ఆరో తరగతికే విజయవాడకో గుంటూరుకో హాస్టలుకు పోతారు, ఆ తర్వాత హైదరాబాదు, ఆపైన డాలస్. ప్రమాదం ఇంటి ముంగిట కాచుకుని ఉన్నప్పుడు బిడ్డను లోపల దాస్తే సరిపోయేది. బిడ్డే ప్రమాదం ఉన్న చోటికి వెళ్లిపోతే ఇక మిగిలేది చూడటమే. అందుకని తరగతి గదిలో సీసీ కెమెరా, చేతికి ఆచూకీ చెప్పే గడియారం, ఫోనులో చుక్కలా కదిలే బొమ్మ. డాలస్‌లోని మనవడికి ఒంగోలులోని అమ్మమ్మ వీడియో కాల్లో ఫోను చుట్టూ ఉప్పు తిప్పడం నవ్వొచ్చే దృశ్యమే గానీ, పాత విద్యనూ కొత్త విద్యనూ ఒకే చేత్తో వాడుతున్నది ఆవిడే.

ఇప్పుడు దాచే విద్య మరో దారిన వెనక్కి వస్తోంది. బారసాల ఫొటో నలుగురికీ పంచుకునేటప్పుడు బిడ్డ ముఖం మీద ఒక గుండె బొమ్మో పువ్వు బొమ్మో అంటించి పెట్టే తల్లులు పెరిగారు. కొందరు దిష్టి అంటారు, కొందరు ఆ ఫొటో ఎవడి చేతిలో పడుతుందోనంటారు. అడిగితే చాలామంది రెండూ అంటారు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కించింది. కన్నవాళ్ల అనుమతి ఉన్నట్టు రుజువు లేకుండా కంపెనీలు వాళ్ల వివరాలు వాడకూడదంది, వాళ్ల కదలికలను వెంటాడి ప్రకటనలు గురిపెట్టకూడదంది. పరాయి చూపు నుంచి పిల్లల్ని కాపాడటం ఈసారి చట్టం పని అయింది. కాని అందులో ఒక ఖాళీ ఉంది. అనుమతి ఇచ్చే పెద్దల చూపుకు ఆ చట్టం ఏ హద్దూ గీయలేదు. హాస్టల్లో పదహారేళ్ల కుర్రవాడు ఎవరితో మాట్లాడాడో, ఎంతసేపు నిద్రపోయాడో తండ్రి ఫోనుకు చేరుతుంటే కాదనే దారి అతనికి లేదు. తల్లి కళ్లను కూడా కలిపి దిష్టి తీసిన కాలం కన్నవాళ్ల చూపును అనుమానించింది. కెమెరాల కాలంలో ఆ అనుమానాన్ని గుర్తుంచుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే అది పిల్లలే. వాళ్లు ఫోనుకు తాళం వేస్తారు, రెండో ఖాతా తెరుస్తారు, లొకేషన్ ఆపేసి చార్జింగ్ అయిపోయిందంటారు.